పిలిచేవానికే వచ్చిన పిలుపు
(బిషప్ అజరయ్య గారి జీవితము)



మన శంషాబాద్ మీదుగా ప్రతిదినము వేలాదిమంది ప్రయాణము చేస్తున్నారు. 2008 మార్చిలో విమానాశ్రయము బేగంపేట నుండి ఇక్కడికి మారిన తరువాత పొలాలు ఉండినచోట రహదారులు, గోదాములు, హోటళ్లు వెలిశాయి. పని కోసం పల్లెలు విడిచి ఇక్కడికి వచ్చినవారు కొందరు. ఇక్కడ విమానమెక్కి గల్ఫ్ దేశాలకో, అమెరికాకో వెళ్లేవారు కొందరు. మన గృహకూటములలో వినిపించే ప్రార్థన మనవులు కూడా చాలావరకు వీటిని గూర్చినవే. ఉద్యోగము, వీసా, బదిలీ, పిల్లల చదువు. వీటి కొరకు ప్రార్థించుట తప్పు కాదు. అయితే వీటన్నిటి వెనుక మరొక ప్రశ్న ఉన్నది. దేవుడు నన్ను ఎక్కడికి, ఏ పనికి పిలుస్తున్నాడు? నా మనసులో మెదలుతున్నది ఆయన పిలుపా, లేక నా కోరికయేనా?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు మనము దూరదేశపు భక్తుల చరిత్రలే చదవనక్కరలేదు. సికింద్రాబాద్ నుండి కాజీపేట మీదుగా విజయవాడకు పోయే రైలు మార్గంలో డోర్నకల్ అనే జంక్షన్ ఉన్నది. ప్రపంచ సభలలో మాట్లాడిన ఒక మనిషి తన జీవితములో శ్రేష్ఠమైన ముప్పై ఐదు సంవత్సరాలు ఆ చిన్న ఊరికి ఇచ్చివేశాడు. ఆయనే వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. ఆంగ్లికన్ సంఘములో బిషప్‌గా అభిషేకము పొందిన మొదటి భారతీయుడు. ఆయన పదవులను లెక్కించుటకంటె, ఆయన దేవుని పిలుపును ఎట్లా గుర్తించి, ఎట్లా లోబడినాడో ధ్యానించుట మనకు మేలు.

తల్లి ప్రార్థన

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళదేశములోని తిరునెల్వేలి జిల్లాలో, వెల్లాలన్‌విలై అనే పల్లెలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయకం గారు హిందూ కుటుంబములో పుట్టి, మిషన్ పాఠశాలలో చదువుకొని క్రీస్తును అంగీకరించి, తరువాత ఆ పల్లె సంఘానికి గురువైనారు. తల్లి పేరు ఎలెన్. ఆ దంపతులు కుమారుని కొరకు చాలా సంవత్సరాలు కనిపెట్టారు. హన్నా వలె ప్రార్థించి పొందిన బిడ్డ గనుక శామ్యూల్ అని పేరు పెట్టారు. తండ్రి 1889లో మరణించినప్పుడు కుమారునికి పదిహేను సంవత్సరాలైనా పూర్తిగా నిండలేదు. భక్తిలో కఠినమైన క్రమశిక్షణ గల తల్లి ఆ బాలుని ప్రార్థనలో, వాక్యములో పెంచింది.

తల్లి ప్రతిష్ఠించిన బిడ్డ కదా, ఇక ఆయనకు పిలుపును గూర్చి సందేహమెందుకు కలుగుతుందని మనము అనుకోవచ్చు. కాని షిలోహు మందిరములో నిద్రించిన బాలుడైన సమూయేలు కూడా తనను పిలిచినవాడెవరో మొదట తెలుసుకోలేకపోయాడు. తల్లి ప్రతిష్ఠ తల్లిదే. బిడ్డ తన చెవులతో తాను వినవలసినదే. అజరయ్య గారికి ఆ స్వరము స్పష్టముగా వినబడుటకు ముప్పై సంవత్సరాలకు పైగా పట్టింది.

ఆయన తిరునెల్వేలి మిషన్ పాఠశాలలలో చదివి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. విద్యార్థిగా ఉన్నప్పుడే, క్రైస్తవులలో సైతము నిలిచియున్న కులభేదమును చూసి సహించలేకపోయారు. డిగ్రీ పూర్తి కాకుండానే చదువు ముగిసింది. లోకదృష్టికి అది నష్టమే. అయితే డిగ్రీ లేని ఆ యువకుని దేవుడు పనిలేనివానిగా విడువలేదు.

ఊరూరా తిరిగిన సెక్రటరీ

1895లో ఆయన దక్షిణ భారతదేశములో వై.ఎం.సి.ఏ. సెక్రటరీగా సేవ ప్రారంభించారు. పద్నాలుగు సంవత్సరాలు అదే పని. పట్టణాలు, కాలేజీలు తిరిగి యువకులకు వాక్యము బోధించుట, ప్రార్థన కూటములు నడుపుట, సేవకు రమ్మని ప్రోత్సహించుట. అమెరికా నుండి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ గారు ఈ పనిలో ఆయనకు ఆప్తమిత్రులైనారు. తెల్లవారు, నల్లవారు ఒకే బల్లయొద్ద కూర్చొనుట అరుదైన ఆ కాలములో వారిద్దరు కలిసి ప్రయాణించారు, కలిసి ప్రార్థించారు.

1898లో అజరయ్య గారు అన్బు మరియమ్మాళ్ గారిని వివాహము చేసుకున్నారు. కాలేజీలో చదివిన దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో ఆమె మొదటి తరమువారు. కట్నము లేకుండా, ఆడంబరము లేకుండా జరిగిన పెండ్లి అది. నాలుగు లక్షలిస్తారా, ఐదు లక్షలిస్తారా అని బేరమాడి, తరువాత గుడిలో ఆశీర్వాదము కోరుకొనే కుటుంబాలు ఈ ఒక్క సంగతిని ఆలోచించినా చాలు. దేవుని పిలుపుకు లోబడుట పెద్ద నిర్ణయములలో మొదలు కాదు, ఇటువంటి ఇంటి సంగతులలోనే మొదలవుతుంది.

జాఫ్నాలో కలిగిన మేల్కొలుపు

1902లో ఆయన సిలోన్‌లోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు సంఖ్యలో కొద్దిమంది. అయినా వారు తమ స్వంత కానుకలతో తమ స్వంత మిషనరీని ఇతర ప్రాంతమునకు పంపి పోషిస్తున్నారు. ఇది చూసి అజరయ్య గారి హృదయము కదిలింది. తిరునెల్వేలి సంఘము నూరు సంవత్సరాలకు పైబడినది, వేలాది కుటుంబాలున్నవి. అయినా సువార్త పని అనగా అది విదేశస్థుల పని, విదేశీ ధనముతో జరుగవలసిన పని అనే తలంపులో అది నిద్రించుచున్నదని ఆయనకు తోచింది.

ఆయన ఆ భారమును తనలోనే దాచుకొనలేదు. స్నేహితులతో కలిసి ప్రార్థించారు. ఫలితముగా 1903 ఫిబ్రవరి 12న పాళయంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించబడినది. భారతీయులు, భారతీయుల ధనము, భారతీయుల నిర్వహణ, ఇదే దాని నియమము. ఎక్కడికి వెళ్లవలెనని విచారించినప్పుడు సువార్త అంతగా చేరని నిజాము రాజ్యములోని మానుకోట తాలూకా, డోర్నకల్ ప్రాంతము వారి యెదుటికి వచ్చింది. మొదటి మిషనరీ 1904లో అక్కడికి వెళ్లారు. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపురములో, విలియం కేరీ పేరుతో ముడిపడిన గ్రంథాలయములో, దేశమంతటి సంఘాల నుండి వచ్చినవారు నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించారు. దానికీ అజరయ్య గారే సెక్రటరీ అయినారు.

పంపేవాడు వెళ్లుట

ఇప్పుడు ఆయన పరిస్థితిని ఆలోచించండి. రెండు మిషనరీ సంఘములకు బాధ్యుడు. 1907లో జపానులోని టోక్యో నగరములో జరిగిన ప్రపంచ విద్యార్థి సభకు వెళ్లివచ్చినవాడు. దేశమంతట పేరు, మంచి స్నేహితులు, భార్యాపిల్లలతో స్థిరమైన కుటుంబము. ఊరూరా తిరిగి యువకులతో డోర్నకల్‌కు ఎవరు వెళ్తారని అడుగుతున్నాడు. అందరూ మెచ్చుకొనే పని అది. మంచి పని కూడా.

అటువంటి సమయములో ఇతరులను అడుగుచున్న ప్రశ్న తిరిగి ఆయన మీదికే వచ్చింది. తాను వెళ్లుటకు సిద్ధపడని స్థలమునకు ఇతరులను వెళ్లమని ఎట్లా చెప్పగలడు? తాను చేసే పనికంటె అది చిన్నదని లోలోపల అనుకుంటున్నాడా? ఈ సంగతి ఆయనను విడిచిపెట్టలేదు. కలలు లేవు, ఆకాశము నుండి శబ్దము లేదు. తన నోట తాను పలుకుతున్న మాటయే తనకు దేవుని పిలుపైంది.

ఆయన తొందరపడలేదు. ప్రార్థించారు, మిత్రులతో ఆలోచించారు, సంఘపు పెద్దల సలహా తీసుకున్నారు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ గారు ఆయనను ప్రోత్సహించారు. 1909లో ఆయన వై.ఎం.సి.ఏ. పదవి విడిచి, డీకన్‌గా, ఆ సంవత్సరాంతములో గురువుగా అభిషేకము పొంది, డోర్నకల్‌కు బయలుదేరారు. వయస్సు ముప్పై ఐదు.

మన దృష్టికి మద్రాసు నుండి డోర్నకల్ అంత దూరము కాదు. కాని ఆయన దిగిన చోట తెలిసినవారు లేరు. భాష తెలియదు. గొప్ప ఉపన్యాసకుడైన మనిషి బడిపిల్లవాని వలె కూర్చొని తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు. పట్టణపు యువకులకు ఇంగ్లీషులో బోధించిన నోటితో మాలపల్లెలో, మాదిగపల్లెలో కూలి చేసుకొని సాయంకాలము ఇల్లు చేరినవారికి వచ్చీరాని తెలుగులో యేసుప్రభువును గూర్చి చెప్పాడు. పల్లెలకు ఎద్దుబండిలో ప్రయాణము. ఆ యింటి ఇల్లాలు కూడా చదువుకున్న స్త్రీ అని మరువవద్దు. ఆ పిలుపు ఖరీదులో సగము ఆమె చెల్లించినది.

ఎడిన్‌బరోలో ఒక సాయంకాలము

మరుసటి సంవత్సరము 1910 జూన్‌లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వందలాది ప్రతినిధులలో ఆసియావారు కొద్దిమందే. డోర్నకల్ పల్లెల నుండి వెళ్లిన అజరయ్య గారికి విదేశీ సేవకులు, స్వదేశీ సేవకుల మధ్య సహకారమును గూర్చి మాట్లాడే పని అప్పగించబడింది. మిషనరీలు భారతీయుల కొరకు ఎంతో త్యాగము చేశారని ఆయన కృతజ్ఞతతో ఒప్పుకున్నారు. అయితే వారు యజమానులుగా, పోషకులుగా ఉండుట చాలదనీ, ఇండియా సంఘము ఇప్పుడు వారి స్నేహమును కోరుతున్నదనీ సూటిగా చెప్పారు. సభలో కొందరు నొచ్చుకున్నారు. ఆ మాట ఈనాటికీ సంఘ చరిత్ర గ్రంథాలలో నిలిచియున్నది.

గమనించవలసినది ఏమంటే, సెక్రటరీగా పెద్ద కుర్చీలోనే ఉండి ఆ మాట అంటే దాని బరువు వేరు. తనవారి కొరకు తానే వెళ్లి, భాష నేర్చి, పల్లెలో కూర్చున్నవాడు అన్నాడు గనుక దానిని కొట్టివేయుట ఎవరికీ సాధ్యము కాలేదు. లోబడినవాని నోటికి దేవుడు అధికారము ఇస్తాడు.

గొల్లకర్రను పట్టినవాడు

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో అజరయ్య గారు డోర్నకల్ బిషప్‌గా అభిషేకము పొందారు. ఇది సులభముగా జరిగినది కాదు. ఒక భారతీయుని క్రింద తాము పని చేయుటయా అని సంకోచించిన విదేశీయులున్నారు. ఆయన కులమును, డిగ్రీ లేకపోవుటను ఎత్తి చూపినవారు మనవారిలోనూ ఉన్నారు. దేవుని పిలుపును మనుష్యులందరూ ఆనందముతో అంగీకరిస్తారని వాక్యము ఎక్కడా చెప్పలేదు. ఆయన వాదులాడలేదు. తిరిగి డోర్నకల్ చేరి పని చేసుకున్నారు.

మొదట చిన్నదిగా ఉన్న డయాసిస్‌కు తరువాత కృష్ణా జిల్లా మొదలైన తెలుగు ప్రాంతములు చేర్చబడినవి. ఆ ప్రాంతములన్నిటిలో 1912 నాటికి సుమారు 56 వేలుగా ఉన్న సంఘస్థులు 1941 నాటికి 2 లక్షల 25 వేలయ్యారు. వారిలో ఎక్కువమంది మాల, మాదిగ సోదరులు. భూమి లేనివారు, అక్షరము రానివారు, ఊరి బావి నీరు త్రాగుటకు వీలులేనివారు. వారిలో త్రాగుడు తగ్గుట, ఇండ్లు శుభ్రపడుట, పిల్లలు బడికి పోవుట చూసి ఇతర కులములవారు కూడా ఆ దేవుని గూర్చి విచారించుట ఆరంభించారు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. డిగ్రీ లేకుండ కాలేజీ విడిచిన యువకుని మనము మరువలేదు కదా.

ఈ పల్లె క్రైస్తవులకు ఆయన నేర్పినది ఒక్కటి మన హృదయాలలో వ్రాసుకోవలెను. పిలుపు అనేది గురువులకు, బిషప్పులకు మాత్రమే కాదు, బాప్తిస్మము పొందిన ప్రతివానికీ ఉన్నదని ఆయన బోధించారు. ఆరాధనలో విశ్వాసులను తమ చేతిని తమ తలమీద ఉంచుకొని, తాము బాప్తిస్మము పొందిన క్రైస్తవులమనీ, సువార్త చెప్పే బాధ్యత తమదేననీ తన వెంట పలుకమనేవారు. గురువు అభిషేకములో బిషప్ చేయి తలమీద ఉంచుతాడు. ఇక్కడ కూలి మనిషి తన చేతినే తన తలమీద ఉంచుకుంటున్నాడు. నీవూ అభిషేకింపబడినవాడవే అని ఇంతకంటె తేటగా ఎట్లా చెప్పగలము?

సాక్ష్య వారములలో చదువురాని స్త్రీలు పక్క పల్లెలకు నడిచి వెళ్లి పాటలు పాడేవారు. కోలాటము, పాట, కథ అన్నీ సువార్తకు వాహనములైనవి. వంటకు బియ్యము కొలిచేటప్పుడు ఒక పిడికెడు దేవునికి తీసి ఉంచుట ఎంత పేదవారికైనా సాధ్యమని ఆ సంఘములు నేర్చుకున్నవి. ఇచ్చుటను గూర్చి ఆయన ఒక గ్రంథమే వ్రాశారు. అన్బు మరియమ్మాళ్ గారు ఉపదేశుల భార్యలకు, పల్లె స్త్రీలకు చదువు, గృహనిర్వాహకము నేర్పించారు.

డోర్నకల్‌లోని ఎపిఫనీ కథీడ్రల్‌ను చూసినవారికి ఆయన మనసు తెలుస్తుంది. 1939 జనవరి 6న, ప్రభువు ప్రత్యక్షత పండుగ దినమున ప్రతిష్ఠింపబడిన ఆ ఆలయములో మన దేవాలయపు స్తంభాలు, మసీదు గుమ్మటాలు, క్రైస్తవ సిలువ కలిసి కనిపిస్తాయి. క్రీస్తు ఈ దేశమునకు పరాయివాడు కాడని ఆ రాళ్లు సాక్ష్యమిస్తున్నవి.

చూడని ఫలము

పిలుపుకు లోబడినవారందరూ ఫలమును కన్నులార చూస్తారని అనుకోవద్దు. 1919లో తరంగంబాడిలో జరిగిన కూటములో అజరయ్య గారు ఇతర సంఘముల సేవకులతో కలిసి దక్షిణ భారత సంఘముల ఐక్యతకు పిలుపునిచ్చారు. ఆ తరువాత ఇరవై ఐదు సంవత్సరాలు చర్చలు, కమిటీలు, అభ్యంతరాలు. 1927లో స్విట్జర్లండులోని లౌసాన్ సభలో కూడా ఇదే భారమును ప్రపంచము యెదుట ఉంచారు. 1935లో డాక్టర్ అంబేడ్కర్ గారు హిందూమతమును విడిచిపెడతానని ప్రకటించిన తరువాత, క్రైస్తవులలోని చీలికలను గూర్చి అజరయ్య గారిని ప్రశ్నించారనీ, ఆయనకు తగిన జవాబు దొరకలేదనీ వ్రాసినవారున్నారు. ఆ దినములలోనే పల్లె ప్రజల సామూహిక మతాంతరమును గూర్చి గాంధీగారితో కూడా భేదాభిప్రాయము వచ్చింది. గాంధీగారి యెడల గౌరవము ఉన్నను, పేదవానికి కూడా తన విశ్వాసమును తానే ఎన్నుకొనే బుద్ధి, హక్కు ఉన్నవని బిషప్ గారు పట్టు విడువలేదు.

1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడినది. మోషే వలె ఆయన దూరమునుండి చూశారు గాని ప్రవేశించలేదు.

మన శంషాబాద్ సాక్షి

ఇదంతా బిషప్పుల సంగతి, మనకెందుకు అనేవారికి మన శంషాబాద్‌లోనే ఒక సాక్షి ఉన్నారు. డాక్టర్ కాథరీనా షెలెన్‌బర్గ్ అనే మెనొనైట్ బ్రదరన్ మిషన్ వైద్యురాలు 1870లో దక్షిణ రష్యాలో పుట్టి, బాల్యములో తల్లిదండ్రులతో అమెరికాలోని కాన్సాస్‌కు వలస వెళ్లారు. స్త్రీలకు వైద్యవిద్య సులభము కాని కాలములో దానిని అభ్యసించి, 1907లో ఈ దేశమునకు వచ్చారు. చివరి సంవత్సరాలు శంషాబాద్ మిషన్ ఆసుపత్రిలో రోగులకు సేవ చేసి, అజరయ్య గారు కన్నుమూసిన 1945 సంవత్సరములోనే ఇక్కడ ప్రాణము విడిచారు. ప్రపంచ సభలలో ఆమె మాట్లాడలేదు. మందు సీసా, పుండుకు కట్టు, ప్రసవవేదనలో ఉన్న తల్లి ప్రక్కన మేలుకొన్న రాత్రి, ఇవే వైద్యురాలి పిలుపు. ఒకరు రైలు జంక్షన్ యొద్ద, మరొకరు ఈ బాట ప్రక్కన. పిలిచినవాడు ఒక్కడే.

ప్రియులారా, దేవుని చిత్తమును తెలుసుకొనుటకు గుర్తులు, స్వప్నములు వెదకుచు మనము సంవత్సరాలు గడుపుతాము. అజరయ్య గారి జీవితము చూపించే మార్గము దగ్గరిది. మీరు ఇతరులకు ఏమి బోధిస్తున్నారో వినండి. మీ పిల్లలకు ఏమి చెప్తున్నారో, ప్రార్థనలో సంఘము కొరకు ఏమి అడుగుతున్నారో గమనించండి. ఎవరైనా వెళ్లవలెను, ఎవరైనా చేయవలెను అని మనము పదేపదే అనే మాటలో ఆ ఎవరైనా మనమే కావచ్చు. దానిని ప్రార్థనలో ఉంచండి. భక్తిగల పెద్దలతో ఆలోచించండి. మొదటి అడుగు వేయండి. రెండవ అడుగు ఎక్కడ వేయవలెనో అప్పుడే తెలుస్తుంది.

విమానాశ్రయములో సామాను మోసే సోదరుడు, రాత్రి డ్యూటీలో కాపలా ఉండే యువకుడు, ఆసుపత్రిలో నర్సు, బడిలో పంతులమ్మ, గల్ఫ్‌లో ఉన్న భర్త కొరకు కనిపెట్టుచు పిల్లలను పెంచుకొనే తల్లి, అందరూ ఒకసారి తమ చేతిని తమ తలమీద ఉంచుకోవచ్చు. ఆ చేయి ఎవరిదో ప్రభువునకు తెలుసు. ఇంతవరకు ఈ డయాసిస్‌ను నడిపించిన దేవుడు రాబోవు తరములో కూడా లోబడే హృదయములను మన ఇండ్లలోనుండే లేపును గాక. ఆమేన్.